తొలి ఆల్బమ్ తిప్పలు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

హార్డ్ రాక్ బ్యాండు పెట్టుకున్నాం, ఆల్బమ్ చేద్దామనుకుంటున్నాం అంటూ జంటనగరాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటికి ఇక్కడ జవాబులిస్తున్నాం. ఒకే రకం ప్రశ్నలను కలిపేశాం. గిటార్ల జాబితా పంపి "వీటిలో ఏది కొనాలి?" అని అడిగినవాళ్లకి మాత్రం ఈసారి జవాబు లేదు. ఉన్న గిటార్‌కి కొత్త తీగలు వేసి కింద రాసినవి చదవండి, కొనాల్సిన అవసరమే రాకపోవచ్చు.

ప్రశ్న: కూకట్‌పల్లిలో మూడో అంతస్తు ఫ్లాటు మాది. ఒక గది గోడల నిండా గుడ్ల అట్టలు అంటించి జామ్ చేస్తున్నాం (అంటే అందరం కలిసి వాయిస్తున్నాం). అయినా కింది ఫ్లాటువాళ్లు రోజూ తలుపు కొడుతున్నారు. పక్కవాళ్లు, పైవాళ్లు మాత్రం ఏమీ అనరు. అట్టల మీద ఫోమ్ కూడా వేస్తే ఆగుతుందా?
— ఓ డ్రమ్మరు

జవాబు: ఆగదు. రోగమేంటో మీ ఉత్తరంలోనే ఉంది. పక్కవాళ్లకి పట్టనిది కిందవాళ్లని బాధపెడుతోందంటే శబ్దం గాల్లోంచి కన్నా స్లాబులోంచే ఎక్కువగా దిగుతోందన్నమాట. కాలితో పెద్ద డ్రమ్ముని కొట్టే కిక్ పెడల్ దెబ్బ, నేల మీద నిలబడే ఫ్లోర్ టామ్ డ్రమ్ము కాళ్ల అదురు నేరుగా కాంక్రీటులోకి పోతాయి. గోడకి ఏది అంటించినా దానికి పనిచెయ్యదు.

గుడ్ల అట్ట గదిలో గలగలని కొంచెం తగ్గిస్తుంది, అంతే. గాల్లో పోయే శబ్దాన్ని ఆపేది బరువు, సందుల్లేని మూత. తలుపు కింద వేలు పట్టే సందు ఉంటే మిగతా గోడ ఎంత మందమైనా లాభం లేదు. పైగా అట్ట అంటే ఎండు కాగితం, పక్కనే ప్లగ్గులూ వైర్లూ. ముందు వాటిని పీకెయ్యండి.

మీకు కావాల్సింది డ్రమ్స్ కింద తేలే అరుగు. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ షీట్లు, 8 అడుగులకి 4 అడుగులవి, మూడు తీసుకోండి. రెండు షీట్లలోంచి 6×4 ముక్కలు రెండు, మూడోదాంట్లోంచి 6×2 ముక్కలు రెండు కోయిస్తే 6×6 అడుగుల పలకలు రెండు తయారవుతాయి. రెండు పలకల్లోనూ ఎదురెదురుగా అడుగుకొకటి చొప్పున 36 రంధ్రాలు, ఒక్కోటి 5 సెంటీమీటర్ల వెడల్పు. టెన్నిస్ బంతి అంతకన్నా పెద్దది కాబట్టి రంధ్రంలో కూర్చుంటుంది, దూరిపోదు. కింద పలక, మధ్యలో 36 బంతులు, పైన పలక. కిట్టూ మనిషీ కలిపి 130 కిలోలనుకున్నా బంతికి నాలుగు కిలోలు పడదు. గల్లీ క్రికెట్‌లో ఆడేసిన బంతులు పనికొస్తాయి, చీలినవి మాత్రం వద్దు. పైపలక గోడకి ఎక్కడా తగలకూడదు. తగిలిందా, అదురు ఆ దారి పట్టుకుని మళ్లీ స్లాబులోకి దిగుతుంది, అరుగు కట్టిన ఖర్చంతా వృథా. బాస్ గిటార్ ఆంప్లిఫయర్‌ని (ఆంప్) కూడా నేల మీద కాకుండా ఇలాంటి చిన్న అరుగు మీదే పెట్టండి.

ఇంత చేసినా ఫ్లాటు ఫ్లాటే. శబ్దకాలుష్యంపై 2000 సంవత్సరపు నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో పరిమితి పగలు 55 డెసిబెల్స్, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45. గట్టిగా కొట్టే డ్రమ్మరు చెవి దగ్గర 100 దాటుతుంది. వారమంతా ఇంట్లో మెష్ హెడ్లు (జల్లెడలాంటి డ్రమ్ చర్మాలు), తక్కువ శబ్దమిచ్చే సింబల్స్ (లోహపు పళ్లేలు) పెట్టుకుని సాధన చేసి, వారానికి ఒక పూట గంటల లెక్కన దొరికే జామ్‌రూమ్‌లో అసలు కిట్ కొట్టడం మంచి ఏర్పాటు. స్నేర్ (డ్రమ్మరు ముందుండే ప్రధాన డ్రమ్ము), సింబల్స్, కిక్ పెడల్ మీవి తీసుకెళ్లండి, అక్కడివి పదిమంది చేతుల్లో నలిగి ఉంటాయి. చెవుల్లో ప్లగ్గులు మరవద్దు. 100 డెసిబెల్స్ దగ్గర చెవికి సురక్షితమైన సమయం రోజుకి పావుగంట.

ప్రశ్న: బ్రిటిష్ హెవీ మెటల్ బ్యాండు బ్లాక్ సబ్బాత్ మొదటి ఆల్బమ్‌ని ఒక్క రోజులో రికార్డ్ చేశారని చదివాం. మేము ఎనిమిది పాటలకి రెండు రోజులు స్టూడియో తీసుకుంటున్నాం. డబ్బు పెడుతున్న మా బావ చాలదంటున్నాడు. ఎవరిది ఒప్పు?
— ఓ గిటారిస్టు, సైనిక్‌పురి

జవాబు: బావగారిదే. సబ్బాత్ సంగతి నిజమే, 1969 అక్టోబర్‌లో ఒక్క రోజు పని అది. నాలుగే ట్రాకుల టేపు మీద అందరూ కలిసి వాయించేశారు. కానీ అప్పటికే క్లబ్బుల్లో ఆ పాటల్ని వాయించి వాయించి వాళ్ల చేతులకి కంఠస్థం అయిపోయాయి. స్టూడియోలో పాట ఎలా ముగించాలో మాట్లాడుకోలేదు. మీరు మాట్లాడుకుంటారు.

విడివిడిగా రికార్డ్ చేసే పద్ధతిలో ఎనిమిది పాటలకి మోటు లెక్క ఇది. డ్రమ్స్ అమర్చి మైకుల సౌండు కుదిర్చేసరికి నాలుగు గంటలు, కొట్టడానికి 16. బాస్‌కి 8. రిథమ్ గిటార్లు రెండు పక్కలా రెండుసార్లు వాయించాలి కాబట్టి సోలోలతో కలిపి 24. పాటకి రెండు గంటల చొప్పున గొంతుకి 16. మొత్తం 68 గంటలు. ఇందులో మిక్సింగ్ (ట్రాకులన్నీ కలిపి సమతూకం చెయ్యడం) లేదు. అయితే బాస్, గిటార్లని ఇంట్లోనే ఇంటర్‌ఫేస్‌లోకి (గిటార్‌ని కంప్యూటర్‌కి కలిపే పెట్టె) నేరుగా రికార్డ్ చేసుకుని, తర్వాత ఆ సిగ్నల్‌ని ఆంప్‌లోకి పంపించవచ్చు. అప్పుడు స్టూడియోకి మిగిలేది 36 గంటలు, దానికి ఆంప్ కోసం ఒక పూట కలుపుకోండి. డబ్బు మిగిలేది ఇక్కడే. డ్రమ్స్‌ని ఇంట్లో చేసి మిగుల్చుకోవాలని చూడకండి.

అద్దె మాట్లాడేటప్పుడు ఇవి అడగండి. ఇంజనీరు జీతం అందులోనే ఉందా? డ్రమ్స్‌కి ఒకేసారి కనీసం ఎనిమిది మైకులు తీసుకోగలరా? డ్రమ్ హెడ్లు ఎప్పుడు మార్చారు? కరెంటు పోతే జనరేటర్ అందుకునే ఆ కొన్ని సెకన్లు కంప్యూటర్ యూపీఎస్ మీద నిలుస్తుందా? వేసవి సాయంత్రం గాలిదుమారం లేస్తే ఈ ఊళ్లో కరెంటుకి గ్యారంటీ లేదు, మంచి టేక్ (ఒక విడత రికార్డింగ్) మధ్యలో పోయిందంటే డ్రమ్మరు మూడ్ కూడా దానితో పోతుంది.

స్టూడియోకి నెల ముందు ప్రతి పాటకీ ఒక కాగితం పెట్టండి. టెంపో, ట్యూనింగ్, ఏ భాగం ఎన్ని బార్లు (తాళం ఆవర్తాలు), సోలో ఎక్కడ మొదలు, చివర ఎలా ఆగుతుంది. తర్వాత రిహార్సల్‌ని ఫోన్లో రికార్డ్ చేసి మొదటి చరణం టెంపో, చివరి కోరస్ టెంపో కొలవండి. నిమిషానికి 132 బీట్లలో (బీపీఎం) మొదలై 141లో ముగుస్తుంటే అది ఉత్సాహం కాదు, కంగారు. రెండుమూడు బీపీఎం పెరగడం మాత్రం సహజం, దాన్ని చంపక్కర్లేదు. హెడ్‌ఫోన్లో టెంపో కొట్టే క్లిక్‌లోనే కోరస్‌కి రెండు పెంచి పెట్టుకోవచ్చు.

ఎనిమిదిలో నాలుగు పాటలే ఆ పరీక్షకి నిలిస్తే నాలుగింటితో ఈపీ (చిన్న ఆల్బమ్) చెయ్యండి. హైదరాబాద్‌లో పుట్టిన డెత్ మెటల్ బ్యాండు గాడ్‌లెస్ కూడా రెండు ఈపీల తర్వాతే 2021లో పూర్తి ఆల్బమ్ తెచ్చింది. ఇందులో చిన్నతనమేమీ లేదు.

ప్రశ్న: డెమోలో మా స్నేర్ అట్టపెట్టె మీద కొట్టినట్టుంది. విడిగా వింటే బాగుంటుంది, అన్ని మైకులూ కలపగానే ఒళ్లు పోతుంది. సింబల్స్ మాత్రం చెవులు కోస్తున్నాయి. మైకులు మార్చాలా?
— డ్రమ్మరు, మల్కాజిగిరి

జవాబు: విడిగా బాగుండి కలిపితే పోతోందంటే మైకు తప్పు కాదు, ఫేజ్ తప్పు, అంటే మైకుల్లో తరంగాల ఎగుడుదిగుళ్లు ఒకదానితో ఒకటి కలవడం లేదు. శబ్దం ఒక మిల్లీసెకనులో అడుగు కన్నా కొంచెం ఎక్కువ దూరం పోతుంది. పైనున్న రెండు ఓవర్‌హెడ్ మైకుల్లో ఒకటి స్నేర్‌కి దగ్గరగా, ఇంకొకటి దూరంగా ఉంటే అదే దెబ్బ రెండుసార్లు చేరుతుంది. స్నేర్‌కి ఒళ్లునిచ్చే 200 హెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు సుమారు 170 సెంటీమీటర్లు. రెండు మైకుల దూరాల్లో దానిలో సగం, అంటే 85 సెంటీమీటర్ల తేడా వచ్చిందా, ఒకటి పైకి తోస్తుంటే ఇంకొకటి కిందకి లాగుతుంది. మిగిలేది అట్టపెట్టె.

మందు చవకైనది, పురికొస. ఒక కొసని స్నేర్ మధ్యలో వేలితో నొక్కిపెట్టి, రెండో కొసని ఒక ఓవర్‌హెడ్ దాకా లాగి అక్కడ ముడి వెయ్యండి. రెండో ఓవర్‌హెడ్‌ని కూడా సరిగ్గా ఆ ముడి దగ్గరికే తెచ్చి పెట్టండి. స్నేర్ నుంచి 40 అంగుళాలతో మొదలుపెట్టవచ్చు. స్నేర్ కింద కూడా మైకు పెడితే దాని పొలారిటీ (సిగ్నల్ దిశ) తిప్పాల్సిందే. పుల్ల పడగానే పైచర్మం పైమైకు నుంచి దూరంగా, కిందిచర్మం కిందిమైకు వైపుగా కదులుతాయి, అందుకే రెండూ ఎదురుబొదురు. ప్రీయాంప్ (మైకు సిగ్నల్ పెంచే పెట్టె) మీదో సాఫ్ట్‌వేర్‌లోనో సున్నాకి అడ్డగీత ఉన్న బటన్ అదే. నొక్కి వినండి, లావుగా వినిపించే వైపు వదిలెయ్యండి.

ఎనిమిది ఛానళ్లుంటే పంపకం ఇలా: కిక్‌కి ఒకటి, స్నేర్ పైనా కిందా రెండు, చిన్న టామ్, ఫ్లోర్ టామ్, ఓవర్‌హెడ్లు రెండు, గది కోసం ఒకటి. కిక్‌లో ఏకేజీ డీ112 గానీ షూర్ బీటా 52 గానీ, స్నేర్‌కి షూర్ ఎస్‌ఎం57. వీటికి మించిన ఆడంబరం అక్కర్లేదు. గది మైకుని డ్రమ్స్‌కి ఆరేడు అడుగుల దూరంలో నడుమెత్తున పెట్టండి. హార్డ్ రాక్‌లో ఆ భారీతనం చాలావరకు ఈ ఒక్క మైకు పుణ్యమే, కృత్రిమ రివర్బ్‌ది (ప్రతిధ్వనిది) కాదు. లెవెల్ పీకులు మైనస్ 10 డెసిబెల్స్ దగ్గర ఆగాలి. సౌండ్ చెక్‌లో మొహమాటంగా కొట్టి, టేక్‌లో పూనకం వచ్చినట్టు కొట్టడం డ్రమ్మర్ల అలవాటు, ఇంజనీరు దానికి చోటు వదలాలి.

సింబల్స్ సంగతి మీ చేతుల్లోనే ఉంది, మైకుల్లో లేదు. హై‌హ్యాట్‌ని (కాలితో మూసి తెరిచే జంట సింబల్) సగం తెరిచి బాదుతూ స్నేర్‌ని మెత్తగా కొడితే స్నేర్ మైకులోకే హ్యాట్ వచ్చి పడుతుంది, తర్వాత దాన్ని ఎవరూ విడదీయలేరు. రికార్డింగ్‌లో స్నేర్‌ని రిమ్‌తో కలిపి బలంగా, సింబల్స్‌ని రిహార్సల్లో కొట్టినదానిలో సగం బలంతో కొట్టాలి. దీనికి నెల రోజుల సాధన పడుతుంది, స్టూడియోలో ఆ రోజు రాదు. సింబల్ స్టాండ్లని మూడు నాలుగు అంగుళాలు పైకి లేపితే కొంత సాయం.

కొత్త హెడ్లు ఒక రోజు ముందే వేసి, బిగించి, అరచేత్తో మధ్యలో నొక్కి సాగదీసి మళ్లీ ట్యూన్ చెయ్యండి. అప్పటికప్పుడు వేస్తే మూడో టేక్‌కే దిగిపోతాయి. మోగుడు ఎక్కువైతే మడిచిన టిష్యూ ముక్కని అంచున గాఫర్ టేపుతో అంటించండి, చిన్న ముక్క చాలు. కిక్ పెడల్ కీచుమంటే కుట్టుమిషను నూనె రెండు చుక్కలు.

క్లిక్ "టింగ్ టింగ్" అని ఉంటే కౌబెల్ సౌండుకి మార్చి, నెమ్మది పాటల్లో బీటు మధ్యలో కూడా వినిపించేలా పెట్టండి. క్లిక్‌ల మధ్య ఖాళీ పెద్దదైన కొద్దీ డ్రమ్మరు తడబడతాడు. మూసి ఉండే హెడ్‌ఫోన్లే వాడాలి, లేకపోతే పాట చివర సింబల్ ఆరిపోయేచోట క్లిక్ మైకులోకి కారి ఆల్బమ్‌లో శాశ్వతంగా ఉండిపోతుంది.

ప్రశ్న: ఇంగ్లిష్‌లో రాస్తే మా పాటలు రాక్‌లా ఉంటున్నాయి, తెలుగులో రాస్తే సినిమా పాటలా జారిపోతున్నాయి. తెలుగు ఈ సంగీతానికి పనికిరాదా?
— గాయకుడు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: తెలుగు పనికొస్తుంది, మీ పద్ధతి పనికిరాదు. ఇంగ్లిష్ మాటలు ఎక్కువగా హల్లుతో ఠక్కున తెగుతాయి. మనది అజంత భాష, మాట అచ్చుతో ముగుస్తుంది. ఇంగ్లిష్ పాట బాణీ పెట్టుకుని తెలుగు మాటలు పోస్తే ప్రతి దెబ్బ తర్వాతా ఒక "ఉ"నో "ఇ"నో వేలాడుతుంది. మీకు జారినట్టు వినిపించేది ఆ తోకే.

ముందు రిఫ్ (పాటలో మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ ముక్క), తర్వాత మాత్రలు. నాలుగు బీట్ల బార్‌లో బీటుకి రెండు చొప్పున ఎనిమిది మాత్రలు పడతాయి. స్కూల్లో ఛందస్సు క్లాసులో నేర్చుకున్న గురువుకి రెండు, లఘువుకి ఒకటి లెక్క ఇక్కడ అక్షరాలా పనిచేస్తుంది. "కట్టు తెంపుకో" చూడండి: రెండు, ఒకటి, రెండు, ఒకటి, రెండు. మొత్తం ఎనిమిది, విరుపు 3+3+2. రాక్ గిటారిస్టులు రోజూ వాయించే యాక్సెంటు అది. "గోడ దూకి రా" కూడా అంతే. సూటిగా నాలుగు, నాలుగు కావాలంటే "నిప్పై లేచా". ఒత్తు ముందున్న అక్షరం గురువవుతుంది కాబట్టి ద్విత్వాలున్న మాటలు రిఫ్ మీద మేకు కొట్టినట్టు కూర్చుంటాయి. ట, డ, క్క, ట్ట, ప్ప డిస్టార్షన్‌ని (గిటార్ గరగరని) చీల్చుకుని వినిపిస్తాయి. ల, య, వ మునిగిపోతాయి.

పంక్తి చివర పొడవుగా అరవాల్సిన చోట దీర్ఘాచ్చు పెట్టండి. ఇందులో తెలుగుకున్న భాగ్యం చాలా భాషలకి లేదు. రా, పో, లే, తే అన్నీ ఒకే అక్షరం, అన్నీ దీర్ఘాలు, అన్నీ ఆజ్ఞలు. సున్నాతో ముగిసే మాట మాత్రం అక్కడ వద్దు. యుద్ధం, రక్తం, అంతం అనగానే పెదాలు మూసుకుంటాయి, కేక విచ్చుకోవాల్సిన క్షణంలో నోరు మూతపడుతుంది. (తొలి పాటలో ఈ మూడు మాటలూ లేని బ్యాండు అరుదనుకోండి.) వాటిని పంక్తి మధ్యకి తోసెయ్యండి.

హ్రస్వాన్ని సాగదీయడం అసలు నేరం. "కల"ని రెండు బీట్లు లాగితే "కాల" అవుతుంది, వినేవాడికి కలా రాదు, కాలమూ అర్థం కాదు. స్వరం పొడవుగా ఉంటే అక్కడ దీర్ఘం ఉన్న మాట వెతకండి, బాణీ మార్చడం ఇంకా మంచిది. మామూలు నాలుగు బీట్లు విసుగనిపిస్తే కర్ణాటక సంగీతంలోని మిశ్రచాపు తాళం మన చెవికి అలవాటే, 3+4 చొప్పున ఏడు మాత్రల రిఫ్ కట్టి చూడండి.

రికార్డింగ్‌లో ప, బ, భ మైకులోకి గాలి కొడతాయి. పాప్ ఫిల్టర్ (ఆ గాలిని ఆపే జాలీ) మైకుకి మూడు అంగుళాల ముందు, నోరు ఫిల్టర్‌కి మరో మూడు అంగుళాల దూరంలో. మైకుని నోటికి సూటిగా కాకుండా కొంచెం పక్కకి తిప్పండి. ఇంత చేసినా మాటలు స్పష్టంగా వినిపించకపోతే గొంతు పెంచకండి, గొంతు ఉన్నంతసేపూ గిటార్లని 3 కిలోహెర్ట్జ్ దగ్గర రెండుమూడు డెసిబెల్స్ తగ్గించండి. హల్లులు వినిపించే చోటు అదే.

ప్రశ్న: హిమాయత్‌నగర్‌లో పాత ఇల్లు. ఆంప్ పెట్టగానే గుయ్యిమంటుంది. తీగల మీద చెయ్యి వేస్తే తగ్గుతుంది. లాప్‌టాప్ చార్జర్ పెడితే ఎక్కువవుతుంది. పాడేటప్పుడు పెదవికి మైకు తగిలితే జివ్వుమంటోంది. మూడో పిన్ను తీసేస్తే హమ్ పోతుందని ఎలక్ట్రీషియన్ అంటున్నాడు.
— ఇద్దరు గిటారిస్టులు

జవాబు: పిన్ను తియ్యకండి, ఎలక్ట్రీషియన్‌ని మార్చండి. హమ్ పోవచ్చు, దాంతోపాటు మనిషీ పోవచ్చు. పెదవికి జివ్వుమనడం శబ్దం సమస్య కాదు, ప్రాణం సమస్య. అది తేలేదాకా గిటార్ పట్టుకుని మైకు ముందుకి వెళ్లొద్దు.

తెలిసిన ఎలక్ట్రీషియన్‌తో మల్టీమీటర్ పెట్టించి సాకెట్ కొలిపించండి. కోఠి గుజరాతీ గల్లీలో మామూలు మీటర్ దొరుకుతుంది. ఫేజ్, న్యూట్రల్ మధ్య 230 వోల్టుల చుట్టుపక్కల, ఫేజ్, ఎర్త్ మధ్య దాదాపు అంతే రావాలి. న్యూట్రల్, ఎర్త్ మధ్య రెండుమూడు వోల్టులు మించకూడదు. ఫేజ్, ఎర్త్ మధ్య నూటపది అలా చూపిస్తే మూడో రంధ్రం అలంకారానికే ఉందని అర్థం, వెనక వైరు లేదు. పాత ఇళ్లలో ఇది మామూలే. అప్పుడు చార్జర్ లోపలి ఫిల్టర్ కెపాసిటర్లు లాప్‌టాప్ ఒంటిని సగం వోల్టేజీకి లేపి ఉంచుతాయి. చేతికి చిమచిమలాడేదీ, ఆంప్‌లో గుయ్యిమనేదీ అదే.

వైరు ఉన్నా గుంత ఎండిపోయి ఉండొచ్చు. ఉప్పూ బొగ్గూ వేసిన ఎర్త్ గుంతకి ఏప్రిల్, మే నెలల్లో వారానికొకసారి రెండు బకెట్ల నీళ్లు పొయ్యాలి. హైదరాబాద్ నేల కింద ఉన్నది గ్రానైటు, తడి లేకపోతే కరెంటుని లోపలికి రానివ్వదు.

ఎర్తింగ్ సరైనాక మిగిలే హమ్‌ని ఒక్కొక్కటిగా వేటాడండి. అన్ని ఆంప్‌లూ మిక్సరూ ఒకే బోర్డు నుంచి తీసుకోండి. చార్జర్ పీకి లాప్‌టాప్‌ని బ్యాటరీ మీద నడపండి, హమ్ ఆగితే అది గ్రౌండ్ లూప్ (రెండు దారుల్లో ఎర్త్ కలిసి పుట్టే హమ్), గ్రౌండ్ లిఫ్ట్ మీట ఉన్న డీఐ బాక్స్ (సిగ్నల్‌ని మిక్సర్‌కి సరిపోయేలా మార్చే చిన్న పెట్టె) పెడితే పోతుంది. ఆ మీట తెంపేది సిగ్నల్ కేబుల్లో గ్రౌండుని, గోడలో ఎర్త్‌ని కాదు కాబట్టి ప్రమాదం లేదు. ఎలక్ట్రానిక్ ఫ్యాన్ రెగ్యులేటర్, డిమ్మర్, చవక ఎల్ఈడీ బల్బులు ఆర్పి చూడండి. కరెంటు పోయి ఇన్వర్టర్ రాగానే గరగర మొదలైతే అది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్, దాని మీద రికార్డ్ చెయ్యొద్దు. సింగిల్ కాయిల్ పికప్ (తీగల కదలికని సిగ్నల్‌గా మార్చే ఒంటి తీగచుట్ట) గిటార్ అయితే కూర్చున్న కుర్చీని పావువంతు తిప్పండి, ఏదో ఒక దిక్కులో హమ్ సగానికి పడిపోతుంది. హాస్యమనిపించినా రోజూ చేసే పనే.

ప్రశ్న: స్టేజి మీద మా గిటార్లు గోడలా ఉంటాయి. రికార్డ్ చేస్తే కందిరీగల గుంపులా ఉన్నాయి. ఒకే ట్రాకుని కాపీ చేసి ఎడమా కుడీ పెట్టినా వెడల్పు రాలేదు.

జవాబు: కాపీ చేస్తే రెండు పక్కలా ఒకటే వస్తుంది కాబట్టి చెవి దాన్ని మధ్యలోనే వింటుంది. వెడల్పు వచ్చేది రెండుసార్లు వాయించినప్పుడు రెండిటి మధ్య ఉండే సన్నని తేడాల వల్ల. వాయించేవాడు ఒకడే అయినా రెండుసార్లు వాయించాలి. గెయిన్‌ని (డిస్టార్షన్ పెంచే నాబ్) స్టేజి మీద పెట్టేదానికన్నా మూడో వంతు తగ్గించండి. రెండు ట్రాకులు కలిసేసరికి డిస్టార్షన్ దానంతటదే చిక్కబడుతుంది. గెయిన్ ఎక్కువైతే పామ్ మ్యూట్ (అరచేతి అంచు తీగలకి ఆనించి వాయించే) దెబ్బల అంచులు అరిగిపోయి కందిరీగలే మిగులుతాయి.

ఎస్‌ఎం57ని క్యాబినెట్ జాలీకి ఆనించి, స్పీకర్ నడిబొడ్డుకీ అంచుకీ సగం దూరంలో పెట్టండి. నడుమకి జరిపితే పదును, అంచుకి జరిపితే మెత్తన, అర అంగుళానికే తేడా తెలుస్తుంది. ఈక్వలైజర్ ముట్టుకునే ముందు మైకు జరపండి. బరువు గిటార్ది కాదు, బాస్‌ది. బాస్ అడుగు తీగ 41 హెర్ట్జ్, గిటార్‌ది 82. మిక్స్‌లో గిటార్లకి 80-100 హెర్ట్జ్ కన్నా కింద ఉన్నదాన్ని కోసి ఆ చోటు బాస్‌కీ కిక్‌కీ వదలండి. గిటార్ విడిగా సన్నగా వినిపిస్తుంది, కంగారు పడొద్దు.

తీగలు ముందురోజు మార్చండి. డ్రాప్ డీకి (అడుగు తీగని ఈ నుంచి డీకి దించే ట్యూనింగ్) దిగితే 10-46 సెట్టు (అంకెలు తీగల మందాలు) అడుగు తీగ వదులై మొదటి దెబ్బకి శ్రుతి పైకెగురుతుంది, 10-52 వెయ్యండి. పన్నెండో ఫ్రెట్ దగ్గర హార్మోనిక్ (తీగని తాకీతాకకుండా మీటిన స్వరం) కన్నా నొక్కిన స్వరం శ్రుతి ఎక్కువగా ఉంటే బ్రిడ్జి మీద శాడిల్‌ని (తీగ ఆనే చిన్న ముక్క) వెనక్కి జరపాలి. ఎండలో బండి మీద తెచ్చిన గిటార్‌ని ఏసీ గదిలో అరగంట కదపకుండా ఉంచాకే ట్యూన్ చెయ్యండి. ఆ తర్వాత ప్రతి టేక్‌కీ ముందు మళ్లీ.

ప్రశ్న: మా పాత గిటారిస్టు వెళ్లిపోయాడు. మూడు పాటల్లో రిఫ్‌లు తనవే. మళ్లీ మేమే వాయించి విడుదల చేస్తే అతనికి హక్కు ఉంటుందా? ఒక పాత సినిమా పాటని రాక్‌లో పాడి ఆల్బమ్‌లో పెట్టవచ్చా?

జవాబు: ఉంటుంది. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం బాణీ వేరు, సాహిత్యం వేరు, రికార్డింగ్ వేరు. మళ్లీ వాయిస్తే రికార్డింగ్ మీదవుతుంది, బాణీలో అతని వాటా పోదు. సౌండ్ రికార్డింగ్‌కి మొదటి హక్కుదారు నిర్మాత, అంటే పూనుకుని బాధ్యత తీసుకుని చేయించినవాడు. ఆ లెక్కన పై ఉత్తరంలోని బావగారిలా డబ్బు పెట్టేవాళ్లతో కూడా ముందే కాగితం రాసుకోండి. ప్రతి పాటకీ బాణీలో ఎవరికెంత, సాహిత్యంలో ఎవరికెంత, మొత్తం 100 శాతం వచ్చేలా అంకెలేసి, వెళ్లిపోయినవాడితో సహా సంతకాలు. ఇది స్నేహంగా ఉన్నప్పుడే జరిగే పని.

సినిమా పాట ఆల్బమ్‌లో వద్దు. అదే చట్టంలో కవర్ పాటలకి దారి ఉంది, కానీ తొలి రికార్డింగ్ జరిగి అయిదేళ్లు దాటాలి, ముందస్తు నోటీసు ఇవ్వాలి, రాయల్టీ ముందే కట్టాలి. కొత్త బ్యాండుకి ఆ లెక్క గిట్టదు. స్టేజి మీద పాడుకోండి, అక్కడ లైసెన్సు సాధారణంగా కార్యక్రమం పెట్టేవాళ్లు తీసుకుంటారు. మీ సొంత రికార్డింగులకి ఒక్కోదానికి 12 అక్షరాల ఐఎస్ఆర్‌సీ (రికార్డింగ్‌ని గుర్తించే అంతర్జాతీయ కోడ్) సంఖ్య పడుతుంది. పాటని యాప్‌లకి చేర్చే పంపిణీ సంస్థ దాన్ని ఇస్తుంది. ఆ సంఖ్యలన్నీ ఒకచోట రాసి పెట్టుకోండి, సంస్థ మారినప్పుడు కావాలి.

ప్రశ్న: మిక్స్ ఇంజనీరుకి ఏం పంపాలి? స్పాటిఫైలో మా పాట మిగతావాటికన్నా చిన్నగా రాకూడదంటే మాస్టర్ (విడుదలకి సిద్ధమైన తుది రూపం) ఎంత గట్టిగా ఉండాలి?

జవాబు: స్పాటిఫై మామూలుగా అన్ని పాటల్నీ మైనస్ 14 లఫ్స్‌కి (వినిపించే గట్టితనానికి కొలత) సర్దుతుంది. మీరు మైనస్ 6కి పిండి పంపినా తగ్గించేస్తుంది, చితికిన డ్రమ్స్ మాత్రం చితికినట్టే ఉంటాయి. హార్డ్ రాక్‌కి మైనస్ 9, 10 చాలు, ట్రూ పీక్ (సిగ్నల్ అసలు శిఖరం) మైనస్ 1 దాటకుండా. మాస్టరింగ్‌కి పంపే మిక్స్ మీద లిమిటర్ (శిఖరాల్ని అణిచి గట్టితనం పెంచే సాధనం) తీసెయ్యండి. పంపే ముందు ఫోన్లో, కారులో, స్పీకర్లున్న ఆటోలో ఒకసారి వినండి. ఆటోలో స్నేర్, గొంతు వినిపిస్తే చాలు.

ఇంజనీరుకి 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ ఫైళ్లు, అన్నీ పాట మొదటి క్షణం నుంచే మొదలయ్యేలా ఎగుమతి చేసి పంపండి. "ఆడియో 17" అని కాదు, "స్నేర్ పైన", "గిటార్ ఎడమ" అని పేర్లు పెట్టండి. టెంపో, మాటల కాగితం, గిటార్ల నేరు సిగ్నల్ జతచెయ్యండి. ఎంపీ3 వద్దు. ఈ లెక్కన ఒక ట్రాకు నిమిషానికి 8.6 మెగాబైట్లు. ఎనిమిది డ్రమ్ ట్రాకుల నాలుగు నిమిషాల టేక్ ఒకటి సుమారు 276 మెగాబైట్లు, ఎనిమిది పాటలకి పదేసి టేకులంటే 22 గిగాబైట్లు డ్రమ్స్‌కే. రెండు హార్డ్ డిస్కులు తీసుకుని, ఏ రోజు రికార్డ్ చేసింది ఆ రోజే రెండిట్లోకీ ఎక్కించి, రెండూ వేర్వేరు ఇళ్లకి పట్టుకెళ్లండి.